మూత పెట్టిన గ్లాసు

మొన్న హోసూరు మార్కెట్లో కొత్తిమీర కట్టలు దించేసి, టెంపోను నీడలో నిలిపి, మా ఇంటావిడ చెప్పిన సబ్బు కోసం ఒక పెద్ద అంగడిలోకి పోయాను. లోపల ఏసీ చల్లగా ఉంది. సబ్బు దొరికినా దొరకనట్టు ఇంకో రెండు వరుసలు ఊరికే తిరిగాను. తేనె సీసాల పక్కన ఒక ఆకుపచ్చ అట్టపెట్టె కనపడింది. రోజ్‌మేరీ టీ. తిప్పి వెనకవైపు చదివాను. జ్ఞాపకశక్తి పెరుగుతుందట. అరుగుదల కుదురుతుందట. మనసు తేలికవుతుందట. జుట్టు నిలుస్తుందట, ముఖం మెరుస్తుందట, రక్తం చురుగ్గా పారుతుందట. చదివేకొద్దీ నాకు కడుపులో మంట మొదలయింది. ఊళ్ళో నన్ను కతలోడు అంటారు. అంత పేరున్నవాణ్ణి, ఒక బక్క కొమ్మ నెత్తిన ఇంత బరువు ఎత్తే ధైర్యం నాకెప్పుడూ రాలేదు.

పెట్టెను తేనె పక్కనే పెట్టేశాను. నా మంట ఆ పెట్టె మీద కాదని బయటికొచ్చి టెంపో ఎక్కాక తెలిసింది. అది పాత మంట. పోయిన మామిడి కాలంలో కన్నుమూసిన ఒక మనిషి మీద చాలా ఏళ్ళు శ్రద్ధగా పెంచుకున్న మంట.

ఆయన పేరు రాయను. రాస్తే ఇంకో నలుగురికి తెలుస్తుంది. బతికుండగా వచ్చిన పేరు ఆయనకు చాలు, చచ్చాక నా చేత్తో కూడా ఆ ఉపకారం చేయడమెందుకు?

మాది డెంకణికోట దాటి అడవి వైపు పోయే దారిలో ఒక మెట్ట ఊరు. రాగి, టమాటా, అనప, కొందరికి పూలు. ఆయనదీ మా లాంటి సేద్యపు కుటుంబమే. కాకపోతే నడివయసులో చాలా ఏళ్ళు హోసూరు పక్కన ప్లాస్టిక్ షీటు కప్పిన ఒక గులాబీల పాలీహౌసులో సూపర్‌వైజరుగా చేశాడు. ఆ పాలీహౌసులో ఒక మూల బెంగళూరు హోటళ్ళ కోసం రోజ్‌మేరీ కూడా పెంచేవాళ్ళు. మోకాళ్ళు బిగుసుకుని పని మానేసి ఊరికి వచ్చేటప్పుడు ఆయన సంచిలో తడిగుడ్డ చుట్టిన రోజ్‌మేరీ కొమ్మలు తెచ్చుకున్నాడు. ఇంటి ముందర రాళ్ళ గట్టు మీద గుచ్చాడు. నీళ్ళు నిలవని ఎర్రనేల కదా, సరుగుడు చెట్టు పిల్లల్లాగా సన్నని ఆకులతో గుబురుగా లేచాయి. ఆయన ఇంటి అరుగుకు ఎదురుగానే పాల సెంటరు. నా దురదృష్టమంతా ఆ ఎదురులోనే ఉంది.

ఎందుకంటే పాల సెంటరు ముందు చప్టా నాది. కాగితాల మీద కాదు, వాడుకలో. పొద్దున్నే పాలు పోయడానికి వచ్చినవాళ్ళు వరుసలో నిలబడి విసుగ్గా ఉంటారు. వాళ్ళ చేతిలో పాల క్యాను ఉంటుంది కాబట్టి ఎక్కడికీ పోలేరు. కత చెప్పేవాడికి అంతకంటే మంచి జనం దొరకరు. అడవి దారిలో ఏనుగు నా టెంపోను ఆపి, టార్పాలు పైకెత్తి, తొండం కొనతో ఒక్కో టమాటానూ నొక్కి చూసి, పండినవి మాత్రమే తిని, దోరవి మళ్ళీ డబ్బాలో పెట్టి, బస్సు కండక్టరు లాగా టెంపో మీద రెండు తట్లు తట్టి నన్ను పొమ్మన్న సంగతి నేను అక్కడే చెప్పేవాణ్ణి.

ఒకరోజు ఆ కత మంచి పట్టులో ఉంది. ఏనుగు తొండం ఇంకా డబ్బాలోనే ఉంది. ఎదురు అరుగు మీద 'టక్' మని ఒక చప్పుడు వినపడింది. గిన్నె మీద మూత పెట్టిన చప్పుడు. అంతే. వరుసలో ఉన్నవాళ్ళు క్యాన్లు కింద పెట్టి, ఒకరి తర్వాత ఒకరు రోడ్డు దాటారు.

"యాడికప్పా? ఏనుగు ఇంగా పోలేదే!" అన్నాను.

"నీ ఏనుగు యాడికీ పోదులే. టీ చల్లారిపోతాది" అన్నాడు మా పక్క పొలం పెద్దాయన.

ఆయన టీ చేసే తీరు చూడాలి. గట్టు కాడికి పోయి ఒక రెమ్మ తుంచేవాడు. కొన దగ్గర పట్టుకుని, ఇంకో చేతి రెండు వేళ్ళతో పైనుంచి కిందికి ఒక్క ఊపున దూసేవాడు. ఆకులన్నీ అరచేతిలో ఉండేవి, పుల్ల నేల మీద. వేళ్ళు వాసన చూసుకుని, ఆ వాసనను పారేయడం ఇష్టం లేనట్టు మీసాలకు తుడుచుకునేవాడు. నీళ్ళు మరిగించి దించాక ఆకు వేసేవాడు. వెంటనే మూత. "ఆవిర్లోనే ఉండేది అంతా. దాన్ని గాలికి ఇచ్చేసి మనం ఉత్త నీళ్ళు తాగేదెందుకు?" అనేవాడు. గ్లాసులో పోసి ఇచ్చినా గ్లాసు మీద చిన్న ప్లేటు పెట్టి ఇచ్చేవాడు. తీసుకున్నవాళ్ళు ఆ ప్లేటు తీయడానికి ముందు ఒక క్షణం ఆగేవాళ్ళు, లోపల ఏదో ఉన్నట్టు. నా కతల్లో ఏనుగు వచ్చే ముందు కూడా ఎవరూ అంత ఆగింది లేదు.

సరే, టీ ఇచ్చినవాడు దాని గొప్ప చెప్పుకోవాలి కదా? అదీ లేదు. అదే నాకు అసలు అర్థం కాని విద్య. ఎవరేమడిగినా ఆయన ముందు గ్లాసులోకి చూసేవాడు. తర్వాత అడిగినవాళ్ళ ముఖంలోకి. తర్వాత "తెలీదప్పా" అనేవాడు.

"అన్నా, ఇది తాగితే నిద్ర బాగా వస్తాదంట గదా?"

"తెలీదప్పా. నాకైతే పగలు పని చేసిన రోజు వస్తాది, చేయని రోజు రాదు."

"జుట్టు మొలుస్తాదని ఫోన్లో చూపిస్తా ఉండారు?"

ఆయన తలకు చుట్టిన టవలు విప్పి, నున్నటి గుండు ముందుకు వంచేవాడు. "నేను తాగబట్టి ఏండ్లాయె. నువ్వే చూసి చెప్పు."

"మరి దేనికి తాగల్లన్నా దీన్ని?"

"తిన్నది బరువుగా ఉంటే తేలికైతాది. తల దిమ్ముగా ఉంటే వాసనకే సగం దిగతాది. పాలూ చక్కెరా లేకుండా వేడిగా ఒక గ్లాసు తాగినట్లు ఉంటాది. నాకైతే అంతే. పొద్దున ఒక గ్లాసు చాలు, బిందెలు బిందెలు తాగొద్దు."

ఇంత చప్పటి మాటలకు జనం తలలూపేవాళ్ళు! నేను అంత శ్రమపడి ఏనుగును కండక్టరును చేస్తే "ఊరికే ఉండప్పా" అన్నవాళ్ళు, ఆయన "తెలీదు" అంటే ఏదో పెద్ద సంగతి తెలిసిపోయినట్టు ఇంటికి పోయేవాళ్ళు.

మా పక్క పొలం పెద్దాయనకు సుగరు. ఒకరోజు అరుగు మీద కూర్చుని, "మాత్రలు నిలిపేసినానప్పా. ఇంగ నీ టీనే" అన్నాడు గర్వంగా. ఆయన లేచి పెద్దాయన చేతిలో గ్లాసు వెనక్కి తీసుకున్నాడు.

"అట్లయితే గ్లాసు ఈడ పెట్టి పో పెదనాయనా."

"ఏమప్పా, నీ టీ మీద నీకే నమ్మకం లేదా?"

"మాత్ర పని మాత్రది, ఆకు పని ఆకుది. ఆస్పత్రి డాక్టరమ్మను అడగకుండా మాత్ర నిలిపినోడికి నా ఇంట్లో పచ్చినీళ్ళు కూడా లేవు."

ఆ రోజు నుంచి పెద్దాయన రావడం రావడమే నోరు తెరిచి నాలుక చాపేవాడు, మాత్ర మింగినట్టు రుజువు. ఆయన ఒంగి, లోపలికి చూసి, "సరి" అని గ్లాసు ఇచ్చేవాడు. ఆ పెద్దాయనకు నేను ఎన్నో మంచి మాటలు చెప్పి ఉంటాను. బీడీ మానమని చెప్పాను, గట్టు మీద జాగ్రత్తగా నడవమని చెప్పాను. నాకు ఒక్కసారి కూడా నాలుక చూపించలేదు.

ఇంకోసారి పాల సెంటరు మునెమ్మ, కడుపుతో ఉన్న కోడలిని వెంటబెట్టుకుని వచ్చింది. "వాంతులు తగ్గేకి ఈ పాపకు కొంచెం పోయన్నా" అంది. ఆయన మూత మీద చెయ్యి పెట్టి తీయలేదు. "వద్దమ్మా. కడుపుతో ఉన్నోళ్ళు ఇట్లాంటి ఆకులు ఊరికే తాగకూడదంటారు. ఎంత తాగితే ఇబ్బంది, ఎంత తాగితే కాదు, నాకు తెలీదు. బిడ్డ పుట్టి డాక్టరు సరి అన్నాంక రా తల్లీ, నేనే చేసి ఇస్తాను." మునెమ్మ ముఖం చిన్నబుచ్చుకోవాలి కదా? లేదు. ఊరంతా తిరిగి చెప్పింది: "చూడండమ్మా, ఇయ్యనన్నాడు! ఎంత మంచోడో!" ఇవ్వకపోయినా పేరొచ్చే మనిషితో నేనెట్లా పోటీ పడేది?

ఇదంతా రోడ్డుకు అవతలి సంగతి. మంట ఇంట్లోకి వచ్చింది మా ఇంటావిడ వల్ల.

ఆమెకు తరచు తలనొప్పి. పొద్దున పాలు పోసి, ఆ అరుగు మీద ఆడవాళ్ళతో కూర్చుని, గ్లాసు పట్టుకుని ఆవిరి పీల్చి, చిన్నగా తాగి వచ్చేది. తల తేలికయిందనేది. కావచ్చు, దానికి నాకేం బాధ లేదు. కానీ ఆమె తలతో పాటు ఆ మనిషి మాటలు కూడా నా ఇంటికి రావడం మొదలయింది. "ఆయప్ప చెప్పినాడు, మూత పెట్టకపోతే దండగంట." "ఆయప్ప చెప్పినాడు, రాత్రి కాఫీ తాగితే తల ఇంగా నొస్తాదంట." కొన్నాళ్ళకు టీ దాటిపోయింది. "ఆయప్ప చెప్పినాడు, ఈ పొద్దు వాన రాదంట."

"నిన్ననే చెప్పితి గదా నేను, వాన రాదని!" అన్నాను.

"నువ్వూ చెప్పినావులే" అంది, నా ముందు ముద్ద పెడుతూ. "ఆయప్ప కూడా చెప్పినాడు, అందుకే బట్టలు ఆరేసినాను."

పెళ్ళయినప్పటి నుంచి నేను ఆ ఇంట్లో మాట్లాడుతూనే ఉన్నాను. నిద్రలో కూడా మాట్లాడతానని ఆమే అంటుంది. అన్ని మాటల్లో ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, ఆమె ఇంకొకరి దగ్గర "మా ఇంటాయన చెప్పినాడు" అని చెప్పగా నేను వినలేదు. నాకు కావలసింది అదొక్కటే. ఆస్తి అడగలేదు, అంతస్తు అడగలేదు.

ఆ టీ ఏదో నేనే ఇంట్లో చేసి ఇస్తే పోలా అనుకున్నాను. ఆయన గట్టు మీద పొద్దుగూకే వేళ ఒక పిడికెడు తుంచుకొచ్చాను. మా వైపు టీ అంటే ఎట్లా చేస్తారో అట్లే చేశాను. పాలు పోసి, టీపొడి వేసి, బెల్లం వేసి, ఆకు వేసి, మూడు పొంగులొచ్చి గిన్నె అంచు నల్లబడేదాకా మరిగించాను. ఇల్లంతా అప్పుడే కడిగిన ఆస్పత్రి వరండా వాసన. ఆమె గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని నన్ను చూసింది.

"ఇది తాగేకా, నేల తుడిచేకా?"

మరుసటి రోజుకు సంగతి అరుగు దాకా పోయింది. పగలబడి నవ్వుతాడనుకున్నాను. నవ్వితే నాకెంతో బాగుండేది. ఆయన గ్లాసులోకి చూసి, రోడ్డు అవతల ఉన్న నాతో, "పాలు వేసినావా? మొదట్లో నేనూ వేసినానప్పా" అన్నాడు. నన్ను తన పక్కన కూర్చోబెట్టుకున్నట్టు అన్నాడు. దానికి నేను ఎట్లా కోపం తెచ్చుకోవాలి? అయినా తెచ్చుకున్నాను.

సరే, నా పని నేను చేస్తానని, రోజ్‌మేరీ మీద ఆయన చెప్పలేని కత ఒకటి పాల సెంటరు ముందు వదిలాను. "హోసూరు పక్కన పాలీహౌసులోకి ఒంటి ఏనుగు దూరిందప్పా. గులాబీల జోలికి పోలేదు. రోజ్‌మేరీ మడి కాడికి వచ్చి, తొండం పెట్టి, ఒక్క పీల్పు పీల్చింది. అంతే, తుమ్మింది! ఆ తుమ్ముకు పైకప్పు ప్లాస్టిక్ షీటు లేచిపోయి, జూజువాడి చెక్‌పోస్టు కాడ ఒక లారీ మీద పడింది. డ్రైవరు, ఫ్రీగా టార్పాలు దొరికింది సామీ అని, తాడు కట్టుకుని బెంగళూరు పోయినాడు. ఆ పొద్దు నుంచి ఏనుగులకు ఆ వాసన అంటే భయం. గట్టు మీద ఉంటే తోటలోకి కాలు పెట్టవు."

అందరూ నవ్వారు. చాలా రోజుల తర్వాత నా కోసం నవ్వారు. ఆ రోజు అన్నం కూడా రుచిగా ఉంది.

అడవి అంచు ఊరికి ఏనుగంటే నవ్వులాట కాదు. రాగి వెన్ను పాలు పట్టే వేళకు గుంపు దిగిందంటే ఏడాది కష్టం ఒక్క రాత్రిలో నేలమట్టం. అందుకే నవ్విన వాళ్ళలోనే కొందరు ఆయన దగ్గర కొమ్మలు అడిగి తీసుకుని గట్ల మీద గుచ్చుకున్నారు. ఎందుకైనా మంచిదని. అడిగినవాళ్ళకు ఆయన ఎందుకని అడగకుండా తుంచి ఇచ్చేవాడు. ఆ ఏడు గుంపు వేరే దారిన పోయింది. మా వైపు ఒక్క ఏనుగూ రాలేదు. రాగి ఇళ్ళకు చేరింది. ఊరంతా ఏమనుకుంది?

"ఆయప్ప చెప్పినాడు గదా, రోజ్‌మేరీ ఉంటే ఏనుగు రాదని!"

నా కత! నా ఏనుగు, నా తుమ్ము, నా షీటు! లారీ డ్రైవరును కూడా నేనే పుట్టించాను. దాన్ని తీసుకుపోయి, ఒక్క మాట కూడా చెప్పని మనిషి నెత్తిన కిరీటంలా పెట్టారు. పెద్దాయన కొత్త రాగి ఒక మూట తెచ్చి ఆయన అరుగు మీద పెట్టాడు. మునెమ్మ పనసకాయ తెచ్చింది. నేను రోడ్డు అవతల చప్టా మీద కూర్చుని అదంతా చూడాల్సి వచ్చింది. ఇంక తట్టుకోలేక రోడ్డు దాటాను. ఆ అరుగు ఎక్కడం అదే మొదలు.

"అన్నా! ఏనుగు రాదని చెప్పింది ఎవరు? నువ్వా, నేనా?"

అరుగు మీద అందరూ ఉన్నారు. మా ఇంటావిడ కూడా గ్లాసు పట్టుకుని కూర్చుని ఉంది. ఆయన గ్లాసులోకి చూశాడు. నా ముఖంలోకి చూశాడు.

"ఈయప్పే చెప్పినాడు. నేను చెప్పలేదు. ఏనుగు సంగతి నాకు తెలీదు. ఈ రాగి మూట ఈయప్పకు పోవాల."

నా ఛాతీ ఉబ్బింది. ఆడవాళ్ళ వైపు తిరిగాను. ముందు మునెమ్మ నోరు తెరిచింది.

"ఈయప్పా చెప్పింది? అయ్యో నా రాతా! ఆ మాట ముందే తెలిసుంటే గట్టు మీద అనపన్నా పెట్టుకుని ఉందును గదా!"

పెద్దాయన రాగి మూట తిరిగి భుజాన వేసుకున్నాడు, ఆయనకూ ఇవ్వలేదు, నాకూ ఇవ్వలేదు. వారం తిరిగేసరికి ఊళ్ళో సగం గట్ల మీద రోజ్‌మేరీ పీకేసి మేకలకు వేశారు. మేకలు కూడా తినలేదు. మరుసటి ఏడు ఏనుగులు వచ్చాయి. మంచెల మీద కాపలా ఉన్నవాళ్ళు టపాకాయలు కాల్చి తోలారు. "చూసినారా? పీకేసినారు, వచ్చేసినాయి!" అని నేను అరిచాను. ఎవరూ నా వైపు తిరగలేదు. తన మాట కాదని ఆయన ఒక్కమాట అంటే చాలు, నిజమైపోయిన కత కూడా మళ్ళీ అబద్ధమైపోయింది. అంత బలం ఒక మనిషి నోటికి ఉండటం న్యాయమా?

పోయిన మామిడి కాలంలో నా టెంపోకు కృష్ణగిరి బాడుగలే. ఒక తెల్లవారుజామున ఆయన మా ఇంటి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. మనిషి సగానికి తగ్గాడు.

"కృష్ణగిరికి పోతా ఉండావా? ఆస్పత్రి కాడ దించుతావా?"

ఎక్కించుకున్నాను. కాయల వాసన, డీజిలు వాసన, ఆయన మీసాల్లో ఆ ఆకు వాసన. కొంత దూరం పోయాక అడిగాను.

"ఏమన్నా, ఒంటికి ఏమి తొందర?"

"గుండె సరిగ్గా కొట్టుకోవడం లేదంట."

"పొద్దున్నే ఆ టీ తాగే మనిషికి గుండె జబ్బా!" నా గొంతులో కొంచెం సంతోషం కూడా ఉండే ఉంటుంది. ఆయనకు వినపడే ఉంటుంది.

"టీ తాగితే చావు రాదని నేనెప్పుడు చెప్పినానప్పా?" అన్నాడు.

ఆ మనిషి చేతిలో ఎప్పుడూ ఇంతే. గెలిచాననుకునేలోపు ఓడిపోయి ఉంటాను.

సూళగిరి దాటాక, ఎండ పెరుగుతూ ఉంటే, అద్దంలోంచి బయటికి చూస్తూ అన్నాడు. "ఆ తుమ్మిన ఏనుగు కత చెప్పప్పా."

"నీకా?"

"నేను సరిగ్గా వినలేదు. రోడ్డు దాటి మా అరుగు మీదికి సగమే వినపడేది."

చెప్పాను. మొదట మొక్కుబడిగా మొదలుపెట్టి, తర్వాత ఊపు వచ్చి, లారీ డ్రైవరుకు ఒక పెళ్ళాన్ని, ఆ పెళ్ళానికి టార్పాలుతో కుట్టిన గొడుగును కూడా చేర్చాను. ఆయన నవ్వాడు. అన్నేళ్ళలో ఆయన పళ్ళు చూడటం అదే మొదలు, అన్నీ ఉన్నాయి. నవ్వి నవ్వి దగ్గు వచ్చి, ఛాతీ పట్టుకుని, "ఆపు, ఆపు" అని, నేను ఆపగానే "చెప్పు" అన్నాడు.

కాసేపటికి ఊపిరి తిప్పుకుని, బయటికి చూస్తూనే అన్నాడు. "మీ ఇంటామె మా అరుగు మీద ఇవే చెప్తాది, తెలుసా? 'మా ఇంటాయన చెప్పినాడు' అని మొదలుపెడతాది. ఆడోళ్ళు నవ్వి నవ్వి టీ చల్లారబెట్టుకుంటారు. నా టీకి వస్తా ఉండారో, నీ కతలకి వస్తా ఉండారో నాకే తెలీదు."

గేరు మార్చాల్సిన చోట హారను కొట్టాను. చెప్పింది ఇంకెవరయినా అయితే తోసేసేవాణ్ణి. కానీ తన టీ గురించి కూడా ఒక్క మాట పెంచి చెప్పని మనిషి. ఆయన అన్నాడంటే జరిగిందన్నమాటే. ఆమె అక్కడ కూర్చుని, గ్లాసు పట్టుకుని, కొంగు సర్దుకుని, "మా ఇంటాయన చెప్పినాడు" అనడం నాకు కళ్ళకు కట్టింది. రోడ్డు కనపడలేదు. కృష్ణగిరి జంక్షను, ఆస్పత్రికి తిరగాల్సిన దారి, అన్నీ వెనక్కి పోయాయి. సేలం రోడ్డులో చాలా దూరం పోయాక గాని తెలివి రాలేదు.

"అయ్యో, దాటి వచ్చేసినామన్నా! నువ్వన్నా చెప్పకూడదా?"

"చూసినానప్పా. నువ్వు సంతోషంగా ఉంటివి. చెప్పేకి మనసు రాలేదు."

వెనక్కి తిప్పి ఆస్పత్రి ముందు దించాను. గేటు దగ్గర నిలబడి చెయ్యెత్తాడు. తర్వాత మంచం మీద చూశానే గాని, మాట్లాడుకున్న మాట అదే చివరిది. మామిడి కాలం ముగిసేలోపే పోయాడు.

కర్మ రోజు అరుగు నిండా జనం. ఒక్కొక్కరూ ఆయన మాటలు చెప్పుకుంటున్నారు. "సుగరు మాత్రలు మానేయొచ్చని ఆయప్పే చెప్పినాడు" అన్నాడు పక్క ఊరి నుంచి వచ్చిన ఒకాయన. నాకు ఒళ్ళు మండింది. "ఎప్పుడు చెప్పినాడు? మాత్ర పని మాత్రది, ఆకు పని ఆకుది అన్నాడు! జుట్టు మొలుస్తాదనీ చెప్పలేదు, కడుపుతో ఉన్నోళ్ళకు ఇయ్యనూ లేదు. నాలుక చూసి గాని గ్లాసు ఇయ్యని మనిషప్పా ఆయన!" అని అరిచాను. అందరూ నన్ను చూశారు. ఆయన చెప్పిన ప్రతి మాటా అక్షరం పొల్లుపోకుండా నాకే గుర్తుంది. ఇష్టపడినవాళ్ళు సగం విని తలలూపారు. కుళ్ళుకున్నవాణ్ణి కాబట్టి నేను పూర్తిగా విన్నాను.

ఇప్పుడు మా పెరట్లోనూ ఒక పొద ఉంది. మా ఇంటావిడే ఆయన గట్టు మీది కొమ్మ తెచ్చి గుచ్చింది. ఒక పొద్దున ఆమె రెమ్మ దూస్తూ ఉంటే, ఎదురుగా కూర్చుని, చాలాకాలంగా నాలుక కొన మీద నిలిపి పెట్టుకున్న మాట అడిగాను.

"నువ్వు ఆ అరుగు మీద నా కతలు చెప్తా ఉంటివంటనే?"

ఆమె దూయడం ఆపింది. "నేనా? నీ కతలా? ఆడనా?"

"మా ఇంటాయన చెప్పినాడు అని..."

ఆమెకు నవ్వాగలేదు. దాచుకునే నవ్వు కాదు, బుకాయించే నవ్వూ కాదు. కాపురం చేసినవాణ్ణి, ఆ తేడా నాకు తెలుసు. "తలనొప్పి పోగొట్టుకునేకి పోతా ఉంటినప్పా నేను, తెచ్చుకునేకి కాదు! నీ ఏనుగుల్ని ఆడికి కూడా తోలుకుపోతానా? ఎవరు చెప్పినారు నీకు ఆ మాట?"

చెప్పేస్తే అయిపోయేది. ఆయప్ప చెప్పినాడు అంటే చాలు. ఊరంతా కళ్ళకద్దుకునే ఆ నోరు ఒకసారి అబద్ధమాడిందని మా ఇంట్లోనే మొదట తెలిసేది. అన్నేళ్ళ మంట ఆ ఒక్క మాటతో చల్లారేది.

"ఎవరో అన్నార్లే" అన్నాను.

ఆమె మళ్ళీ ఆకు దూసుకోవడంలో పడింది. నేను లేచి టెంపో దగ్గరికి పోయాను గాని తాళం తిప్పలేదు. స్టీరింగు పట్టుకుని ఊరికే కూర్చున్నాను. నేను చెప్పిన అబద్ధాల్లో ఏనుగులు ఉన్నాయి, తుమ్ములు ఉన్నాయి, ఎగిరిపోయే పైకప్పులు ఉన్నాయి. నా మాటగా ఒక్కదాన్నీ ఎవరూ నమ్మలేదు. ఆయన తన బతుకంతటికీ ఒక్కటే చెప్పి ఉంటాడు, అదీ చిన్నది, బయటికి చూస్తూ, ఊపిరి సరిగ్గా ఆడకుండా. అయినా నేను కృష్ణగిరి దాటిపోయేంతగా నమ్మాను.

అది నా పని. అందులో కూడా నన్ను మించిపోయాడు.